నీలి పట్టని చోటు

"ఫైలు ఇయ్యను," అన్నాడు నాగేశం.

అని, ఆ ఫైలును చంకలో ఇరికించుకుని, ఇంటి నడిమి గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆదివారం కాబట్టి సిద్ధిపేట బజారులో ఆయన నూలు దుకాణం మూసే ఉంది. అంటే సాయంత్రం దాకా ఆ కుర్చీలోంచి లేవడానికి ఆయనకు వేరే పనేమీ లేదన్నమాట.

సులోచన గడప దగ్గర నిలబడింది. ఆమె కాళ్ల దగ్గర సర్దిన సంచి ఉంది. పన్నెండున్నరకు పట్నం బస్సు. రేపు పదకొండు గంటలకు డాక్టర్ లక్ష్మీరాజం ఆమె భర్త, నాగేశం తమ్ముడు దత్తాత్రి పేగులోకి గొట్టం పంపి, లోపల మొలిచిన గడ్డను కడుపు కోయకుండా తీస్తానన్నాడు. పాత రిపోర్టులన్నీ ముందర పెట్టుకోకుండా ఆయన గొట్టం ముట్టడు.

"బావా, డాక్టరు సారు ఫైలు తెమ్మన్నడు," అంది కొంగు సర్దుకుంటూ.

"గురువారం నాడు గదే ఫైలు ఇంకో డాక్టరుకు కావాలె. పెద్ద ఆపరేషన్‌కు తారీఖు తీస్కున్న. పెద్దపేగు మొత్తం తీసేస్తరు. పీడ పోతది."

"మొత్తం తీస్తె కడుపు మీద సంచి కడుతరట. బతికినన్నాళ్లు గట్లనే ఉండాల్నట."

"కట్టనీ. మనిషి ఉంటడు గద. గడ్డను పైపైన గిల్లితె ఏమైతదో నేను చూసిన."

ఆయన చూసింది నిజమే. అన్నదమ్ముల తండ్రి సిద్ధిరాములుకు గొంతు మీద గడ్డ లేస్తే, పైకి కనిపించినంత వరకు కోయించి, నయమైందని చుట్టాలందరికీ భోజనాలు పెట్టారు. ఏడాది తిరగకుండా అది మళ్లీ లేచింది. ఆయన పోయే దాకా నెలన్నర దవాఖాన వరండాలో చాప పరుచుకుని పడుకున్నది నాగేశమే. అప్పటినుంచి ఏ పనైనా సగంలో వదిలేస్తే ఆయనకు ఒళ్లు వణుకుతుంది. తమ్ముడి మీద ప్రేమ లేక కాదు, ఉన్న ప్రేమంతా ఆ వణుకులోనే ఉంది.

మూలన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న తల్లి పద్మమ్మకు మాత్రం ఆ మాటలు నచ్చలేదు.

"ఇద్దరికిద్దరు పిచ్చోళ్లయిన్రు," అంది కొడుకునూ కోడలినీ కలిపి. "రంగుల పనిచేసెటోని పంచె మీద ఎర్ర మరక కాకుంటె ఏముంటది? వాళ్ల నాయిన పంచెలు నేను నలభయ్యేండ్లు చూసిన. మరకను పట్టుకొని రక్తం రక్తం అని మీరు అనవట్టె, గడ్డ గడ్డ అని డాక్టర్లు అనవట్టె."

"అవ్వా, లోపలి ముక్క తీసి పరీక్ష చేసిన్రు. కాయితం మీద రాసిచ్చిన్రు," అన్నాడు నాగేశం. "ఇంకా కేన్సర్ కాలేదు, అయ్యే తొవ్వల ఉన్నదని."

"కాయితానికేంది, ఏదన్న రాస్తరు. సంచి కట్టుకున్నోని పక్కపొంటి పంక్తిల ఎవడు కూసుంటడో గది చెప్పు నాకు."

పద్మమ్మ లెక్కలో లోకంలో మరకలు రెండే రకాలు. ఒకటి రంగు మరక, రెండోది కూర మరక. మూడో రకం ఉందని ఎవరు చెప్పినా ఆమె చెవిన పడదు. కానీ మరక మాట వచ్చినప్పుడల్లా కోడలు ఎందుకు తల దించుకుంటుందో ఆమె ఎన్నడూ గమనించలేదు. ఇప్పుడూ సులోచన తల దించుకుని, గదిలోంచి తప్పుకుని, వెనక పెరట్లోకి నడిచింది.

పెరట్లో రేకుల కొట్టం కింద దత్తాత్రి గంగాళం ముందు నిలబడి ఉన్నాడు. ప్రయాణం పెట్టుకుని కూడా తొగుట మగ్గాలకు పోవలసిన నూలు ముట్టకుండా ఉండలేకపోయాడు. మనిషి సగమయ్యాడు. మోచేతుల దాకా నీలి, గోళ్ల సందుల్లో ఎన్నటికీ పోని నీలి.

ఆయన పని తీరు ఒకటుంది. ఎంత నమ్మకమైన చోటినుంచి నూలు వచ్చినా, మొత్తం బేలు రంగులో ముంచడు. ముందు ఒక్క చిలప, అంటే ఒక్క నూలు చుట్ట, విప్పి, లేత నీలిలో ముంచి, కాసేపు ఉంచి, మూడు నీళ్లలో జాడించి, వెలుతురుకు పట్టుకుని చూస్తాడు. మంచి నూలుకు రంగు పడుతుంది. నూనె తగిలినదో, చెమ్మకు మురిగినదో అయితే ఆ చోట నీలి పట్టదు. తెల్లగా ఉన్నంతసేపు ఎవరి కంటికీ ఆనని తప్పు అప్పుడు బయటపడుతుంది. ఒక చిలప దండగని నాగేశం ఎన్నోసార్లు గొణిగాడు గానీ, దత్తాత్రి ఆ అలవాటు మానలేదు.

"బస్సుకు టైమైతుంది," అంది సులోచన.

"వస్త. గీ చిలప ఆరేసి."

"డాక్టరుకు మూడేండ్లని ఎందుకు చెప్పినవ్?"

ఆయన చేతిలోని చిలప గంగాళం మీద ఆగిపోయింది. నీలి చుక్కలు టపటపా రాలాయి.

"ఎన్నేండ్ల సంది రక్తం పడుతుందని సారు అడిగిండు. మూడేండ్లని నువ్వన్నవ్. మూడేండ్లే అయితె గడ్డ ఒక్కటి తీసి కనిపెట్టుకొని ఉందమని ఆయనన్నడు. పదేండ్లు దాటిన పేగయితె ఆలోచన వేరే అన్నడు. గది విన్నంకనన్న మార్చి చెప్తవనుకున్న."

"విన్నందుకే మార్చలే," అన్నాడు దత్తాత్రి మెల్లగా.

చిలపను మళ్లీ నీలిలోకి దించాడు.

పదకొండేళ్ల కిందట సులోచనకు ఏడో నెల. పెరటి బండ మీద భర్త పంచె ఉతుకుతోంది. ఎర్ర మరక కనబడితే రంగే అనుకుని సోడా వేసి బాదడానికి సిద్ధమైంది. బాదవలసిన పనే లేకపోయింది. చన్నీళ్లు పోయగానే మరక కరిగి కాలవలోకి జారిపోయింది. సులోచన బండ మీద కూర్చుండిపోయింది. చన్నీళ్లకే వదిలిపోయే ఎరుపు ఆ ఇంట్లో ఏ గంగాళంలోనూ లేదు.

ఆ సాయంత్రం అడిగితే దత్తాత్రి మొదట నవ్వాడు, తర్వాత కోపం చేశాడు, చివరికి ఆమె చేతిని ఆమె కడుపు మీదే పెట్టి, పుట్టబోయే బిడ్డ మీద ఒట్టు వేయించుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దు. రోగిష్ఠోడి చేతికి ఎవరూ నూలు ఇవ్వరు. అవ్వకు తెలిస్తే వచ్చే బిడ్డ జాతకాన్ని తిడుతుంది. సులోచన ఒట్టు వేసింది. తర్వాత కొన్నాళ్లు తగ్గింది, మళ్లీ వచ్చింది, పసరు మందుకు తగ్గింది, గోలీలకు తగ్గింది, తగ్గగానే గోలీలు మానేశాడు, మళ్లీ వచ్చింది. అన్నేళ్లూ ఆ పంచెలను ఇంకొకరి చేతికి ఇవ్వకుండా ఆమే ఉతికింది. మూడేళ్ల కిందట ఆయన ఇదే కొట్టంలో కళ్లు తిరిగి పడిపోయేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. లోకానికి ఆయన జబ్బు మొదలైంది ఆ రోజునే.

"బిడ్డ మీద ఒట్టు పెట్టినవ్," అన్నాడు దత్తాత్రి ఇప్పుడు.

"బిడ్డ అయిదో తరగతికొచ్చింది. ఒట్టుకు పెద్దగయ్యేది లేదా?"

"లేదు," అన్నాడు ఆయన. "సంచి కట్టుకొని గీ గంగాళం మీదికి వంగుతనా నేను? చెప్పు. పని పోయినంక నేనెవ్వన్ని?"

ఆయన చిలపను ఆరవేసి, చేతులు కడుక్కుని, లోపలికి వెళ్లి అన్న ముందు నిలబడ్డాడు.

"అన్నా, ఫైలు ఇయ్యి."

నాగేశం తమ్ముడి ముఖం చూశాడు. ఇన్ని వారాల గొడవలో దత్తాత్రి నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం అదే మొదలు. నాగేశం ఫైలు చంకలోంచి తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"నేను సుత వస్త," అన్నాడు చివరికి. "ఆ డాక్టరు నోట్లకెంచి అనుమానం ముక్క ఒక్కటి వచ్చిందా, గురువారం నాడు నువ్వు నా ఎంబడి రావాలె. మారు మాట ఉండొద్దు."

"సరే," అన్నాడు దత్తాత్రి.

ఆ సరే అన్నది తన నోటిని కట్టేయడానికేనని సులోచనకు తెలుసు. గడప దగ్గరి సంచి చేతికి తీసుకుంది.

*

మందు కలిపిన ఉప్పునీళ్లు నాలుగు లీటర్లు తాగితే మనిషిలో ఏముంటుంది? దవాఖాన ఎదురుగా తీసుకున్న కిరాయి గదిలో తెల్లవారేసరికి దత్తాత్రి కడిగిన గిన్నె అయ్యాడు. సోమవారం పదకొండుకు తెల్ల గౌను తొడిగించి బల్ల మీద ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టారు. బయట హాలులో టీవీలో కార్గిల్ వార్తలు వస్తున్నాయి. దాని కింద బెంచీ మీద నాగేశం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే రానన్నాడు. దవాఖాన వాసనకే ఆయనకు తండ్రి గుర్తొస్తాడు.

"నా భార్య ఉండొచ్చునా సారూ?" అని దత్తాత్రి అడిగితే డాక్టరు ఒక్క క్షణం ఆలోచించి, "ఉండనీ. ధైర్యం ఉంటె తల దిక్కు నిలబడమ్మా," అన్నాడు.

లక్ష్మీరాజం జగిత్యాల దిక్కు మనిషి. రెండేళ్లు జపాన్‌లో ఈ పనే నేర్చుకుని వచ్చాడట. వచ్చిన తర్వాత కూడా మాటలో ఊరి వాసన పోలేదు. ఇట్లాంటి పుండ్ల పేగులో గడ్డ లేస్తే ఇన్నేళ్లూ పేగు తీసివేయడం ఒక్కటే దారిగా ఉండిందనీ, ఈమధ్యే కొందరు డాక్టర్లు గడ్డ హద్దు తేటగా ఉన్నచోట దాన్ని ఒక్కదాన్నే తీసి, ఏడాదికోసారి లోపల చూస్తూ నెట్టుకొస్తున్నారనీ ఆయనే చెప్పాడు. చెప్పి, తాను కూడా ఇట్లాంటి వాళ్లకు చేసింది తక్కువేనని దాచకుండా చెప్పాడు. అది విన్నప్పుడే సులోచనకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

నర్సు మత్తు సూది కొంచెమే ఇచ్చింది. దత్తాత్రి కళ్లు మూతలు పడ్డాయి గానీ పూర్తిగా నిద్రపోలేదు. సులోచన ఆయన చెయ్యి పట్టుకుంది. గోళ్ల నీలి అట్లాగే ఉంది.

డాక్టరు నల్లటి గొట్టం చేతికి తీసుకున్నాడు. చిటికెన వేలంత లావు. దాని కొసకు దీపం ఉంది, కన్ను ఉంది. అది చూసేది గోడ పక్కనున్న టీవీలో పడుతుంది.

సులోచన చీకటి చూస్తాననుకుంది. కడుపులో ఏముంటుందో చిన్నప్పటినుంచి అందరూ ఏ మొహం పెట్టి చెబుతారో ఆమెకు తెలుసు. ముక్కు మీద కొంగు కూడా సిద్ధంగా పెట్టుకుంది.

టీవీలో వెలుగు విచ్చుకుంది.

గులాబీ రంగులో, తడిగా మెరుస్తూ, ఒక సొరంగం. మడత వెనక మడత. గొట్టం ముందుకు పోతుంటే ఒక్కొక్క మడత తెరుచుకుని దారి ఇస్తోంది. మధ్యమధ్య గోడ మొత్తం నెమ్మదిగా ముడుచుకుని, మళ్లీ వదులవుతోంది. ఎవరూ చెప్పకుండానే, ఎవరి కోసమూ ఆగకుండా, అది తన పని తాను చేసుకుపోతోంది.

కొంగు చేతిలోంచి ఎప్పుడు జారిందో ఆమెకు తెలియదు. పన్నెండేళ్లుగా కాపురం చేస్తున్న మనిషి. ఆయన వీపు మీద పుట్టుమచ్చ తెలుసు, అరికాలి పగుళ్లు తెలుసు. ఇది మాత్రం ఆయన కూడా ఎన్నడూ చూడనిది. కన్న తల్లి చూడనిది. అంత ముక్తసరిగా మాట్లాడే మనిషి లోపల ఇంత వెలుతురు పట్టే చోటు ఉందని ఎవరు అనుకుంటారు? సులోచనకు గుడిలో నిలబడ్డప్పటి భయం లాంటిది వేసింది. అది పారిపోవాలనిపించే భయం కాదు. గట్టిగా ఊపిరి తీస్తే తప్పేమో అనిపించే భయం.

"ఇక్కడ సన్నటి నరాలు కనబడాలె," అన్నాడు డాక్టరు, ఆమెకు చెబుతున్నాడో తనకు తానే చెప్పుకుంటున్నాడో తెలియకుండా. "లేవు. ఇదంత పుండు మానిన జాగ. ఇదిగో, ఈ తోకలు చూసినవా? ఇవి గడ్డలు కావు. పుండ్లు మానంగ మిగిలిన తునకలు. వీటితోని భయం లేదు."

తెల్లటి మచ్చలు. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, గొట్టం పోతున్న కొద్దీ మళ్లీ మళ్లీ. సులోచన వాటిని గుర్తుపట్టింది. బిడ్డకు నామకరణం చేసిన నెల ఇదేమో. ఆడబిడ్డ పెళ్లిలో పొద్దంతా నిలబడి వడ్డించి, మర్నాడు లేవలేకపోయినది ఇదేమో. నారాయణరావుపేట జాతరకు రానని మొండికేసిన ఏడాది ఇదేమో. ఒక్కొక్క మచ్చకు తాను ఒక్కొక్క పంచె ఉతికింది. తానొక్కతే మోస్తున్నాననుకున్న సంగతి లోపల ఎవరో వరుసగా రాసి పెట్టుకున్నారు. ఆమె కళ్లు నిండాయి.

గొట్టం ఆగింది.

"దత్తాత్రిగారూ," అన్నాడు డాక్టరు. "రక్తం మొదలై మూడేండ్లేనా?"

"మూడేండ్లే సారూ," అన్నాడు దత్తాత్రి మత్తులోనే. ఆయన వేళ్లు సులోచన వేళ్లను నొక్కాయి.

డాక్టరు గొట్టాన్ని కుడి వైపు మలుపు దాటించాడు. అక్కడుంది గడ్డ. రేగుపండంత, వెడల్పాటి మొదలుతో గోడకు అతుక్కుని కూర్చుంది. గోడ రంగూ దాని రంగూ ఒకటే కావడంతో అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియడం లేదు.

"నీలి," అన్నాడు డాక్టరు. నర్సు సిరంజి అందించింది. గొట్టం కొసనుంచి సన్నటి జల్లు పడింది. గులాబీ గోడ మొత్తం నీలిమయం అయింది.

దత్తాత్రి కనురెప్పలు బరువుగా ఎత్తి టీవీ వైపు చూశాడు. "లేత నీలా సారూ?" అన్నాడు.

డాక్టరు చెయ్యి ఆగింది. "అవును. లేతదే."

"ఉంచి జాడియ్యాలె."

"జాడిస్త. ఒక్క నిమిషం ఉంచి."

"నూలుకైతె నిమిషం సాలదు సారూ."

"పేగుకు సాలుతదయ్యా," అన్నాడు డాక్టరు. నర్సు మూతి బిగబట్టి నవ్వాపుకుంది.

నిమిషం తర్వాత నీళ్లు కొట్టి కడిగాడు. గోడకు పట్టిన నీలి గోడకు ఉంది. గడ్డకు మాత్రం పట్టలేదు. చుట్టూ నీలి, నడుమ పాలిపోయిన ముద్ద, దాని అంచు గీత గీసినట్టు తేటగా ఉంది. ఆ కొట్టం కింద వేలసార్లు చూసినదే ఇది. మురిగిన నూలు, మంచి నూలు. జపాన్ పోయి నేర్చుకుని వచ్చిన విద్యలో సిద్ధిపేట పెరటి పని ఒకటి ఉందని ఆమె ఎవరికి చెబితే నమ్ముతారు?

"మంచిది," అన్నాడు డాక్టరు. "హద్దు తెలుస్తుంది."

సన్నటి సూది గొట్టంలోంచి బయటికి వచ్చి గడ్డ కింద దిగింది. ఉప్పునీళ్లు ఎక్కించగానే గడ్డ నూనెలో వేసిన పూరీలాగా పొంగి పైకి లేచింది. తర్వాత ఒక తీగ వచ్చింది. ఉచ్చులాగా విప్పారి, గడ్డను మొదలంటా చుట్టి, నెమ్మదిగా బిగిసింది. డాక్టరు గదిలో ఎవరినీ కదలొద్దన్నాడు. కాలితో కింద ఏదో నొక్కాడు.

కొంచెం తెల్లటి పొగ లేచింది. గడ్డ ఊడి పక్కకు ఒరిగింది.

అది ఉన్నచోట తెల్లటి వట్టి జాగ మిగిలింది. ఒక్క రక్తపు చుక్క లేదు. దత్తాత్రి మూలగనైనా లేదు. కోత లేదు, కుట్టు లేదు. నెలల తరబడి ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేసిన ముద్ద, ఒక తీగ ముడికి పోయింది. సులోచన ఖాళీగా ఉన్న చేతిని గుండెల మీద పెట్టుకుంది. డాక్టరు కూడా ఆ తెల్లటి చోటును చూస్తూ నిలబడ్డాడు. చేసినవాడికీ అది ఆశ్చర్యంగానే ఉన్నట్టుంది.

"అయింది," అన్నాడు తర్వాత. "దీని చుట్టుపక్కల రెండు మూడు చిన్న ముక్కలు తీసి పంపుతం. మూడేండ్ల పేగే కాబట్టి అంతకంటె అక్కర లేదు. బయటికొస్తున్న."

గొట్టం వెనక్కి జరగడం మొదలుపెట్టింది. తెరుచుకున్న మడతలు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి.

సులోచన మూసుకుంటున్న ఆ మడతలనే చూసింది. ఇప్పుడు నోరు మూసుకుని ఉంటే చాలు. గడ్డ పోయింది. సాయంత్రం బస్సుకు ఇంటికి. నాగేశం బావ గురువారం మాట ఎత్తడు. ఆయన మళ్లీ గంగాళం మీదికి వంగుతాడు. నోరు తెరిస్తే, బిడ్డ మీద వేసిన ఒట్టు పోతుంది, బహుశా పేగూ పోతుంది. కానీ ఆ టీవీలో ఇంత వెలుతురు పడ్డాక, ఇంత తేటగా చూడగలిగిన మనిషి చేతికి అబద్ధం అంటిన చిలప ఇచ్చి పంపడం ఎట్లా? ముంచి చూడకుండా నూలు ఒప్పుకోనివాడి పెళ్లాం తాను. తనకు ఆయనే నేర్పిన పని ఇది.

ఇంకో మడత మూసుకుంది.

"సారూ, జర ఆగుండ్రి," అంది.

గొట్టం ఆగింది.

"మూడేండ్లు కాదు. పదకొండేండ్లు. నా బిడ్డ కడుపుల ఉన్నప్పటి సంది. నేనే ఉతికిన."

ఆమె చేతిలోంచి దత్తాత్రి చెయ్యి జారిపోయింది. జారిపోయిందా, ఆయనే తీసుకున్నాడా అన్నది ఆమె అడగకుండానే తెలిసింది. ఆయన కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి.

డాక్టరు కోప్పడలేదు. "పేగు నాకు సగం చెప్పింది," అన్నాడు. "మిగతా సగం మీరు చెప్పిన్రు." తర్వాత నర్సు వైపు తిరిగి, "ఇంకో రెండు సిరంజీల నీలి కలుపు," అన్నాడు.

గొట్టం మళ్లీ చివరిదాకా వెళ్లింది. ఈసారి ప్రతి జానెడుకూ నీలి జల్లు, నిమిషం ఆగడం, నీళ్లు కొట్టడం, చూడడం. ఎంతసేపు పట్టిందో సులోచనకు తెలియదు. నిలబడి ఉన్న కాళ్లు తిమ్మిరెక్కాయి. కుడి వైపు గోడ అంతా నీలి పట్టింది. అడ్డంగా పోయే పేగు అంతా పట్టింది. మనిషి లోపలి సొరంగం ఇప్పుడు ఆమె ఎరిగిన రంగులోకి మారింది. ఎడమ వైపు మలుపు తిరిగి జానెడు దిగాక డాక్టరు చెయ్యి ఆగింది.

ఇంతకుముందు గొట్టం ఈ చోటు దాటుకునే వెళ్లింది. అప్పుడు ఇక్కడ ఏమీ లేదు. ఇప్పుడూ ఎత్తు లేదు, గడ్డ లేదు, చదునైన గోడే. కానీ రెండు వేళ్ల మేర నీలి పట్టలేదు. దాని అంచు కూడా తేటగా లేదు. ఎక్కడ ఆగుతుందో తెలియకుండా నీలిలోకి కలిసిపోయింది.

"ఏంది సారూ గది?" అంది సులోచన.

"వాపు ఉన్నా రంగు పట్టదమ్మా. గట్ల కావొచ్చు. ఇంకోటి కూడ కావొచ్చు." డాక్టరు చిన్న పట్టకారుతో ఆ చోట ఆరు ముక్కలు తీశాడు. ఒక్కొక్కదాన్నీ నర్సు బుడ్డిలో వేసి పేరు రాసింది. "నా కంటితోని చెప్పలేను. ఈ ముక్కలు చెప్పాలె. బుధవారం సాయంత్రం వరకు వస్తది."

"చెడ్డదయితె?"

"గడ్డయితె తీగ వేసి తీస్త. ఇట్ల హద్దు లేకుంట గోడల కలిసిపోయినదాన్ని తీగ పట్టదు." ఆయన గొట్టం బయటికి తీసి, చేతి తొడుగులు విప్పాడు. "కానీ ఒక్క మాట అమ్మా. మీరు చెప్పకపోతె నేను ఇక్కడ నీలి పోసెటోన్నే కాదు."

*

దత్తాత్రిని పక్క గదిలోకి మార్చారు. తన పంచె తాను కట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సులోచన మంచినీళ్లు పట్టుకెళితే తాగాడు. గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు ఒక్క మాట అన్నాడు.

"బిడ్డ మొఖం ఎట్ల చూస్తవ్?"

ఆమె గ్లాసు తీసుకుంది. నువ్వు ఉంటేనే దాని మొఖం చూడగలనని చెప్పాలనుకుంది. అంతలోనే ఆయన మళ్లీ గోడ వైపు తిరిగాడు.

గంట తర్వాత పంచె మార్చవలసి వచ్చింది. కడుపులో మిగిలిన నీలి కొంత, ముక్కలు తీసినచోట రక్తం కొంత, అది మామూలేనని నర్సు చెప్పింది. సులోచన ఆ పంచె చుట్టుకుని వరండా చివరి నల్లా దగ్గరికి వెళ్లి, తొట్టి మీద పరిచి, నీళ్లు వదిలింది. చేతులకు అలవాటైన పని.

వెనకనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. నాగేశం వస్తున్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం సులోచన ఎన్నడూ చూడనంత తేటపడి ఉంది.

"నర్సమ్మ చెప్పింది," అన్నాడు. "గడ్డ పోయిందట గద. బుడ్డిల వేసి చూపిచ్చింది నాకు. గింతంత ఉన్నది. కోయకుంట, కుట్టకుంట..." ఆయన ఆగి తల అడ్డంగా ఊపాడు. "నాయినప్పుడు గిసుంటి విద్య ఉంటె ఎంత బాగుండు. నేనే తప్పుగ అనుకున్న. గురువారం తారీఖు వద్దని ఫోన్ చేసొస్త. నువ్వు గట్టిదానివి, నిలబడ్డవు."

సులోచన తల ఎత్తలేదు. నల్లా నీళ్లు పంచె మీద పడుతూనే ఉన్నాయి.

నాగేశం వెనుతిరగబోయి ఆగాడు. నూలూ రంగూ మధ్య పుట్టి పెరిగినవాడు. నీళ్లలో ఏ రంగు ఎట్లా ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. చన్నీళ్ల కింద ఆ పంచె మీద నీలి కదలలేదు. ఎరుపు మాత్రం, రుద్దకుండానే, కరిగి తొట్టి రంధ్రం వైపు సాగిపోయింది. సులోచన చేతులు ఆగకుండా, ఎక్కడ ఎంతసేపు నీళ్లు పడాలో తెలిసినట్టు, పంచెను మడత తర్వాత మడత తిప్పుతున్నాయి.

ఆయన తొట్టిలోకి చూశాడు. ఆమె చేతులకేసి చూశాడు. ముఖంలోని తేటదనం నెమ్మదిగా పోయింది.

"సులోచనా," అన్నాడు. తమ్ముడి భార్యను ఆయన పేరు పెట్టి పిలవడం పన్నెండేళ్లలో అదే మొదలు. "గిది గిట్ల ఎన్నేండ్ల సంది ఉతుకుతున్నవ్?"

సులోచన నల్లా కట్టేసి, ఈసారి తల ఎత్తింది.